నురగ దోన

కూతురు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చినప్పటి నుంచి మల్లికార్జునానికి నిలవ నీళ్లు కనబడితే ఆగి చూడడం అలవాటైంది. బస్టాండు పక్కన పగిలిన పూలకుండీ, గుడ్డల కొట్టు ముందు పడేసిన పాత కూలరు, కొబ్బరిబోండాల కుప్పలో వాన నీళ్లు నిండిన చిప్ప, ఏది కంటబడినా వంగి, కళ్లద్దాలు సరిచేసుకొని లోపలికి చూసేవాడు. తోకలు విదిలిస్తూ పురుగులు కనబడితే అక్కడికక్కడే వొలకబోసేవాడు. అది కుదరకపోతే సొంతదారు ఎవరో కనుక్కొని మరీ పోట్లాడేవాడు.

"శెట్టిగారికి దోమల పిచ్చి పట్టింది" అని ఆత్మకూరు బజారులో నవ్వుకున్నారు. ఆయన పట్టించుకోలేదు.

బజారులో ఆయనది వాళ్ల నాయన పెట్టిన హోల్‌సేల్ అంగడి. చింతపండు, కుంకుళ్లు, సీకాయ, ధనియాలు, ఎండుమిరప. భార్య ప్రమీలారాణి, ఒక్కతే కూతురు అశ్విత. అశ్విత డిగ్రీ రెండో సంవత్సరం, బోటనీ, జువాలజీ. ఆ ఏడు కార్తీకంలో వానలు ముసురు పట్టినప్పుడు ఆ పిల్లకు జ్వరం వచ్చింది. మామూలు జ్వరమే అనుకున్నారు. జ్వరం దిగిందని సంతోషపడిన రోజునే చిగుళ్ల నుంచి నెత్తురు కారింది. కారులో నెల్లూరు చేర్చేసరికి కూర్చోను కూడా ఓపిక లేకపోయింది. డెంగీ అన్నారు. ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయన్నారు.

ఐసీయూ బయట ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నప్పుడు ఎదురు గోడ మీద ఒక దోమ వాలింది. నల్లటి కాళ్ల మీద తెల్లటి చారలు. మల్లికార్జునం దాన్ని కొట్టలేదు. అట్లాగే చూస్తూ ఉండిపోయాడు. ఊదితే ఎగిరిపోయే ప్రాణి. ఇదా తన బిడ్డను ఆ అద్దాల తలుపు అవతలికి తీసుకెళ్లింది?

అశ్విత బతికింది. ఇంటికి వచ్చాక చాలా రోజులు గోడ పట్టుకొని నడిచింది. ఇంట్లో ఆయన ప్రతి కిటికీకి జాలీ కొట్టించాడు, ప్రతి గదిలో కాయిల్ వెలిగించాడు. ఆ పొగకు ప్రమీలారాణికి ఆయాసం మొదలైంది.

"దోమ కుట్టి సచ్చేదానికంటే ముందు నీ పొగకు సచ్చేటట్టుండాను" అని ఆమె ఒకరోజు కాయిళ్లన్నీ తీసి చెత్తబుట్టలో వేసింది.

వెనక వీధిలో కోటేశ్వర్ పంక్చర్ షాపు ఉంది. గోడ పక్కన పాత టైర్లు కుప్పగా పడి ఉంటాయి. టైరు లోపలి వంపులో నిలిచిన నీళ్లు ఎట్లా తిప్పినా పూర్తిగా రావు. మల్లికార్జునం రోజూ పోయి అరిచేవాడు.

"నేనేం చేసేదన్నా? వాన పడితే నిండతాయి" అనేవాడు కోటేశ్వర్. "యాడ పెట్టుకునేది ఇయన్నీ? నా నెత్తినా?"

మల్లికార్జునం చేతనైనన్ని టైర్లు వంచి నీళ్లు పారబోసి ఇంటికి పోయేవాడు.

*

మాఘంలో కుంకుళ్ల కోసం ఆయన ఎప్పటిలాగే ఉదయగిరి బస్సెక్కాడు. అక్కడ దుర్గం కొండ కింద చిన్న పల్లెలో పెంచలమ్మ అని గొర్రెలు మేపే ఆమె ఉంది. అరవై దాటింది. గొర్రెల వెంట కొండెక్కి, దిగేటప్పుడు రాలిన కుంకుళ్లు ఏరుకొస్తుంది. ఆ పల్లె ఆడవాళ్లంతా అంతే. అన్నీ ఆమె ఇంటి ముందు కుప్ప పోస్తే మల్లికార్జునం వచ్చి చూసి బస్తాలకెత్తించుకొని పోతాడు. ఆయన నాయన కాలం నుంచీ జరుగుతున్నదే.

పెంచలమ్మ మంచినీళ్లు ఇచ్చింది. ఆయన చెంబులోకి ఒకసారి తొంగిచూసి గాని తాగలేదు. ఆమె అది గమనించింది.

"బిడ్డకు ఎట్టుండాది శెట్టిగారా?"

"తిరగతా ఉండాది. నీళ్లు అన్నా, దోమ అన్నా నాకే భయం పట్టుకునింది."

"ఈసారి కాయ బాగుండాది. దోనలకాడి చెట్టు ఇరగ్గాసింది. ఇంకా సగం పైనే ఉండాది, రేపు దింపతాం."

"దోనలా? అంటే నీళ్లుంటాయా?"

"బండ మీద గుంతలు. కార్తీకంలో నిండితే శివరాత్రి దాకా ఉంటాయి. జీవాలు తాగేది ఆడే."

మల్లికార్జునం లేచి నిలబడ్డాడు. "పోదాం పద."

"మీరా? కొండకా?" పెంచలమ్మ నవ్వింది. ఇన్నేళ్లుగా ఆయన కొండ వైపు తలెత్తి చూసింది కూడా లేదు. కానీ నిలిచిన నీళ్లు ఉన్నాయని విన్నాక చూడకుండా తిరిగిపోవడం ఆయన వల్ల కాలేదు. ఆమె గొర్రెల్ని అదిలించి ముందు నడిచింది. ఆయన పంచె ఎగగట్టి వెనక నడిచాడు.

కోటగోడ కూలిన రాళ్ల మధ్య సన్నటి దారి. కలివి పొదలు, బోద గడ్డి. కాసేపటికే ఆయనకు రొప్పు వచ్చింది. గొర్రెలు మాత్రం చకచకా పోతున్నాయి. ఒక మలుపు తిరిగాక నల్లటి బండ పరుచుకొని కనిపించింది. దాని మీద పక్కపక్కనే మూడు దోనలు. ఎవరో గిన్నెలు బోర్లించి తీసినట్టు గుండ్రటి గుంతలు, వాటి నిండా నీళ్లు.

మల్లికార్జునం మొదటి దోన దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అనుకున్నంతా అయింది. నీళ్లంతా పురుగే. నీటి మట్టానికి తోకలు ఆనించి తలకిందులుగా వేలాడుతున్నాయి. ఆయన నీడ పడగానే ఒక్కసారిగా కిందికి మెలికలు తిరిగాయి. రెండో దోనలోనూ అంతే. ఆయన ఒంట్లో వణుకు పుట్టింది. ఇదంతా రెక్కలొచ్చి లేస్తే కింద ఉన్న పల్లె ఏమవుతుంది?

మూడో దోన కాస్త ఎడంగా, ఒక చెట్టు కింద ఉంది. నీళ్లు టీ డికాక్షను రంగులో ఉన్నాయి. అడుగున ఆకులు కుళ్లి ఉన్నాయి. అంచుల వెంట తెల్లటి నురగ. చూడ్డానికి మూడింటిలోకీ అదే చెడ్డ నీరు. మల్లికార్జునం అందులో పురుగు ఇంకా ఎక్కువ ఉంటుందనుకొని వంగాడు.

ఒక్కటీ లేదు.

కళ్లద్దాలు తీసి పంచెతో తుడుచుకొని మళ్లీ చూశాడు. పుల్లతో అడుగు కదిలించాడు. ఆకులు లేచి మళ్లీ దిగాయి. నీరు నిలకడగా, శుభ్రంగా ఉన్నట్టు కాదు, ఖాళీగా ఉంది. పక్కనున్న రెండు దోనలు ప్రాణంతో కుతకుతలాడుతుంటే ఇది మాత్రం ఎవరో గడప దగ్గర కాపలా పెట్టినట్టు ఖాళీగా ఉంది.

ఒక గొర్రె వచ్చి మూతి ముందుకు చాచి వాసన చూసింది. తుమ్మినట్టు తల విదిలించి పక్క దోనకు పోయింది.

"అది తాగవు. చేదు" అంది పెంచలమ్మ. "నురగ దోన అంటాం. మా అవ్వ కాలం నుంచి అదే పేరు."

"ఇందులో పురుగు ఎందుకు లేదు?"

పెంచలమ్మ ఆయన పక్కకు వచ్చి కూర్చుంది. చాలాసేపు చూసింది. ఆ పక్క దోన చూసింది. మళ్లీ దీన్ని చూసింది.

"ఏమో" అంది. "నేనెప్పుడూ చూళ్లా. జీవాలు తాగవని ఈ నీళ్లలోకి తొంగిచూసేదాన్నే గాను."

ఆ మాట అంటుండగానే పైనుంచి ఏదో రాలి నీళ్లలో 'టప్' మని పడింది. మల్లికార్జునం చెయ్యి పెట్టి తీశాడు. కుంకుడుకాయ. తల ఎత్తి చూశాడు. చెట్టంతా కాయలే. బంగారు రంగు తిరిగిన గుత్తులు ఎండలో మెరుస్తున్నాయి. కాయలు ఒక్కొక్కటే ఆ దోనలోకి రాలుతున్నాయి. ఇప్పుడే కాదు, ఆయన పుట్టకముందు నుంచి రాలుతున్నాయి.

ఆ నీళ్లు వేలితో ముంచి నాలుకకు తగిలించుకున్నాడు. గొంతు దాకా మండింది.

జీవితమంతా ఆయన కాటా వేసింది ఈ కాయనే. అమ్మ దీనితోనే ఆయనకు తలంటింది. పీట మీద కూర్చోబెట్టి, కళ్లలో నురగ పడి ఏడుస్తుంటే నవ్వుతూ నీళ్లు పోసింది. అది మనుషుల తల రుద్దుకోవడానికి పుట్టిన కాయ అనే ఆయన అనుకున్నాడు. అసలు అట్లా అనుకున్నట్టు కూడా ఆయనకు తెలియదు. ఎవరూ లేని ఈ బండ మీద, ఎవరి కోసమూ కాకుండా, అది తన పని తాను చేస్తూ ఉంది.

ఆయన కాయను చొక్కా జేబులో వేసుకున్నాడు.

"పెంచలమ్మా, ఒక సీసా ఉంటే ఇయ్యి."

*

"ఏందిది? తాగే గ్లాసుల్లో పురుగులా!" ప్రమీలారాణి వంటింట్లోంచి పరుగున వచ్చింది.

వరండాలో బల్ల మీద అశ్విత గాజు గ్లాసులు వరుసగా పెట్టింది. ఆసుపత్రి నుంచి వచ్చాక ఆ పిల్ల ముఖంలో అంత చురుకు చూడడం అదే మొదలు. కోటేశ్వర్ టైరులోంచి తెచ్చిన పురుగుల్ని ఫిల్లర్‌తో పీల్చి ఒక్కో గ్లాసులో వేసింది. ఒక గ్లాసులో మామూలు నీళ్లు. ఒకదాంట్లో నురగ దోన నీళ్లు. మిగిలిన వాటిలో కుంకుళ్లు నలగ్గొట్టి నానబెట్టిన రసం, కొంచెం చిక్కగా, కొంచెం పలచగా.

"ఈ గ్లాసులు మళ్లీ లోపలికి తెస్తే ఊరుకోను" అని ప్రమీలారాణి పోయింది. పోయినట్టే పోయి కిటికీలోంచి చూస్తూ నిలబడింది.

మామూలు నీళ్లలో పురుగులు పైకి వచ్చి తోక చివర నీటి మట్టానికి ఆనించి వేలాడాయి.

"ఆ తోక దాని ముక్కు నాన్నా" అంది అశ్విత. "గొట్టం లాగా పైకి పెట్టి గాలి పీలుస్తుంది. నీటి మట్టం ఒక దుప్పటి లాగా దాన్ని పట్టుకుంటుంది."

కుంకుడు నీళ్లలో పురుగులు పైకి వచ్చాయి. తోక ఆనించాయి. ఆ దుప్పటి వాటిని పట్టుకోలేదు. జారిపోయాయి. మళ్లీ ఈదుకుంటూ వచ్చాయి, మళ్లీ జారాయి. మల్లికార్జునం కుర్చీ లాక్కొని గ్లాసుల ముందే కూర్చున్నాడు. సాయంత్రానికి వాటి కదలిక మందగించింది. తెల్లవారి చూస్తే చిక్కటి రసంలోవన్నీ అడుగున పడి ఉన్నాయి. దోన నీళ్లలోవీ అంతే. పలచటి దాంట్లో కొన్ని ఇంకా కొట్టుకుంటున్నాయి. మామూలు నీళ్లలోవి హాయిగా ఆడుకుంటున్నాయి.

"నురగ జారించడం ఒక్కటే కాదు" అంది అశ్విత. "ఆ చేదు లోపలికి పోయి దాని పేగుల్ని కూడా దెబ్బ తీస్తుంది. సపోనిన్లు అంటారు. క్లాసులో చదివినాను, పరీక్షలో రాసినాను. చూసింది ఇప్పుడే."

"ఆ చెట్టుకు దోమతో ఏం పగ?"

"దోమతో కాదు. కాయను తినే పురుగుతో, బూజుతో. చెట్టుకు కాళ్లు లేవు కదా నాన్నా. ఏదన్నా మీదికొస్తే పారిపోలేదు, చేతులతో కొట్టలేదు. నిలబడిన చోటే నిలబడి తన బిడ్డను కాపాడుకోవాలి. అందుకని గింజ చుట్టూ ఆ చేదు పెట్టుకుంది."

"బిడ్డను" అన్నాడు మల్లికార్జునం.

"గింజ దాని బిడ్డే కదా."

ఆయన ఒక కాయ పగలగొట్టి నల్లటి గింజను చేతిలో పెట్టుకొని చూశాడు. మధ్యాహ్నం అంగడి వెనక గోడౌన్‌లోకి పోయి బస్తాల మధ్య నిలబడ్డాడు. ఎన్నో ఏళ్లుగా ఆయన ముక్కుకు ఇదంతా ఒకే వాసన. సరుకు వాసన. ఇప్పుడు ఒక్కొక్కటీ విడిగా తగిలింది. మిరప ఘాటు, ధనియాల గుబాళింపు, కుంకుళ్ల పులిసిన తీపి. అక్కడ ఉన్నవన్నీ ఎక్కడో ఒకచోట మట్టిలో కాళ్లు పాతుకొని నిలబడినవే. ఏదీ పరిగెత్తలేనిదే. ఈ ఘాటు, ఈ చేదు, ఈ వాసన, అన్నీ అవి తమ కోసం తయారు చేసుకున్న ఆయుధాలైతే, తను ఇన్నేళ్లుగా కిరాణా అంగడిలో కూర్చున్నాడా, ఆయుధాల కొట్టులోనా? ఆయన ఒక బస్తా మీద చెయ్యి ఆనించాడు. గుడిలో నిలబడినప్పుడు కూడా ఆయనకు ఎప్పుడూ కలగని వొణుకు ఒకటి వీపు మీదుగా పాకింది.

*

"ఇంకా చూడాల్సింది చాలా ఉంది నాన్నా. నీళ్లలో పురుగు ఒక్కటే ఉండదు కదా" అని అశ్విత చెప్పింది. ఆయన విన్నాడు. కానీ కొండ మీద దోనల్లో కుతకుతలాడిన ఆ పురుగే ఆయన కళ్లలో తిరుగుతోంది. పెంచలమ్మ పల్లె పక్కన కుంట ఒకటి ఉంది. ఎండకు నీళ్లు మధ్యకు చేరి చిన్న మడుగులా మిగిలింది. దాని అంచుల్లో కూడా పురుగు ఉండడం ఆయన చూసి వచ్చాడు.

తరవాతి వారం ఆటోలో కుంకుళ్ల బస్తాలతో ఉదయగిరి పోయాడు. పల్లెలో డ్రమ్ములు అడిగి తీసుకొని, కూలివాళ్ల చేత కాయలు దంచించి, నానబెట్టించి, రసమంతా కుంటలో పోయించాడు. పెంచలమ్మ గొర్రెలతో కొండ మీద ఉంది. మడుగు మీద నురగ తేలడం చూసి ఆయన గుండె నిండిపోయింది. ఈ పల్లెలో ఏ తండ్రీ ఐసీయూ బయట కూర్చోడు అనుకున్నాడు. ఆ పూట ఉదయగిరిలో తెలిసినవాళ్ల ఇంట్లో ఉండిపోయాడు.

పొద్దున్నే కుంట దగ్గరికి పోయేసరికి గట్టు మీద జనం ఉన్నారు.

మడుగు తెల్లగా కనబడింది. అది నురగ కాదు. చేపల పొట్టలు. పక్కెలు, మట్టగిడసలు, పేరు తెలియని చిన్న చేపలు, అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. కొన్ని ఇంకా చావలేదు. నోరు నీటి పైన పెట్టి తెరిచి మూస్తున్నాయి. అంచుల్లో కప్పపిల్లలు నల్లగా పేరుకుపోయి ఉన్నాయి.

పెంచలమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని ఉంది. ఆయన్ను చూసి లేచింది.

"ఎవుర్నడిగి పోసినావు శెట్టీ?"

ఇన్నేళ్లలో ఆమె ఆయన్ను 'నువ్వు' అనడం అదే మొదలు.

"దోమలు పోతాయని..."

"దోమలు పోతాయా? ఆ పురుగును తినేది ఎవురు? ఈ చేప గాదా? ఆ కప్ప గాదా? దోనలెండినాక నా జీవాలు యాడ తాగాల? కొండ మీద చెట్టు తన కాయ తన దోనలో ఏసుకునింది. వచ్చి నా కుంటలో పోసిందా? పోసింది నువ్వు."

మల్లికార్జునం నీటి అంచుకు దిగాడు. నోరు తెరిచి మూస్తున్న ఒక చేప ఆయన కాళ్ల దగ్గరికి కొట్టుకొచ్చింది. అది గాలి కోసమే పైకి వస్తోందని ఆయనకు అర్థమైంది. ఆసుపత్రిలో అశ్విత కూడా అట్లాగే నోటితో పీల్చింది.

ఆయన గట్టెక్కి కూర్చున్నాడు. బండ మీద నురగ దోన చూసినప్పుడు ఎంత ఆశ్చర్యపోయాడో ఇప్పుడు అంత భయపడ్డాడు. భయమూ ఆశ్చర్యమూ ఒకటే అనిపించింది. అంత చిన్న కాయలో ఇంత ఉంది. దానికి మంచీ చెడూ తెలియదు. చెట్టు దాన్ని కొలత ప్రకారం తన గింజ చుట్టూ పెట్టుకుంది. తను డ్రమ్ముల్లో పోశాడు.

ఇంటికి వచ్చి జరిగింది చెబితే అశ్విత ఏమీ తిట్టలేదు. అది ఆయనకు ఇంకా కష్టమైంది. "చేప మొప్పల పొర చాలా సున్నితం నాన్నా. నురగ దాన్ని కరిగిస్తుంది" అని మాత్రం అంది. తరవాత, "ఆ చేదు కొన్నాళ్లకు విరిగిపోతుంది. నీళ్లు మళ్లీ మామూలైతాయి. అప్పుడు తినే చేప లేకపోతే పురుగు ముందుకంటే ఎక్కువ పెరుగుతుంది" అంది.

అట్లాగే అయింది. కొద్ది రోజులకు పెంచలమ్మ ఫోన్ చేసింది. "కుంట నిండా తోకపురుగే. వచ్చి చూసుకో" అని పెట్టేసింది.

*

మల్లికార్జునం పుట్టి బుద్ధెరిగాక చేపల వీధి వైపు నడిచినవాడు కాదు. ఆ వాసన వస్తే తువ్వాలు ముక్కుకు అడ్డం పెట్టుకొని పోయే ఇల్లు వాళ్లది. ఆ ఆదివారం పొద్దున ఆత్మకూరు చెరువు దగ్గర వల వేసే రాజమోహన్ ముందు ఆయన ప్లాస్టిక్ క్యాన్లు పట్టుకొని నిలబడ్డాడు.

"చేపలు కావాల. చిన్నవి. బతికుండాల."

రాజమోహన్ వల వదిలేసి చూశాడు. "శెట్టిగారా! కూరకా?"

"కుంటలో ఇడిచేదానికి."

రాజమోహన్ నవ్వబోయి, ఆయన ముఖం చూసి మానేశాడు. సన్నకంటి వల తీసుకొని నీళ్లలో దిగాడు. చేపల్ని ఎట్లా పట్టుకోవాలో, క్యానుకు ఎన్ని వెయ్యాలో, దారిలో నీళ్లు ఎట్లా కదిలించి గాలి కలపాలో చెప్పాడు. మల్లికార్జునం మొదటిసారి ఒక చేపను చేత్తో తాకాడు. అది అరచేతిలో గిలగిల కొట్టుకుంది. ఆయన భయపడి వదలబోయి, వదలకుండా క్యాన్‌లోకి దించాడు.

ఉదయగిరి బస్సులో ఆయన పక్కన అశ్విత కూర్చుంది. జబ్బు తర్వాత ఆ పిల్ల అంత దూరం రావడం అదే మొదలు. తండ్రీ కూతుళ్ల ఒళ్లో చెరొక క్యాన్. గతుకుల్లో నీళ్లు ఎగిరి పంచె తడిసింది.

"ఏందండీ అది, వాసన?" అన్నాడు కండక్టర్.

"చేపలు. ఊరికి పోతా ఉండాయి" అన్నాడు మల్లికార్జునం.

బస్సంతా నవ్వింది. అశ్విత కూడా పడీపడీ నవ్వింది. కార్తీకం తర్వాత కూతురు అట్లా నవ్వడం విని ఆయన కిటికీ వైపు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

పెంచలమ్మ గట్టు మీద చేతులు కట్టుకొని నిలబడింది. ఆయన మోకాలి లోతు బురదలో దిగి, క్యాన్ వంచి, నీళ్లలో నీళ్లు కలిసేదాకా ఆగి, నెమ్మదిగా వదిలాడు. చేపలు క్షణం ఆగి, ఒక్కసారిగా విడిపోయాయి. కాసేపటికి అంచుల్లో పురుగు వేలాడే చోట నీళ్లు చిటచిటలాడాయి.

"తింటాండాయి" అంది పెంచలమ్మ. అంతే. కానీ ఆయన గట్టెక్కేటప్పుడు చెయ్యి అందించింది.

కాళ్లు కడుక్కోవడానికి ఆమె ఇంటికి పోయారు. గుడిసె ముందు చిక్కుడు పందిరి ఉంది. లేత కొసలన్నీ రసం పీల్చే నల్లటి పేనుబంక పట్టి ముడుచుకున్నాయి. అశ్విత ఆగి చూసింది.

"అవ్వా, నాలుగు కుంకుళ్లు, కొంచెం వేపగింజల పలుకు ఉంటే ఇస్తావా? చేప లేని చోట వాడదాం."

పెంచలమ్మ మల్లికార్జునం వైపు అనుమానంగా చూసి, "నువ్వయితే ఇస్తా. ఆయనకు ఇయ్యను" అంది.

అశ్విత వేప పలుకు నూరి గుడ్డలో మూటగట్టి నానేసింది. దానికి కాస్త కుంకుడు నురగ కలిపి, ఆకుల అడుగున పడేలా చీపురుతో చిలకరించింది. కుంకుడు లేకపోతే వేప చుక్క ఆకు మీద నిలవక జారిపోతుందని చెప్పింది. అక్కడక్కడా ఎర్రటి మచ్చల పురుగులు పేనుబంకను తింటుంటే వాటి జోలికి పోకుండా ఆ కొమ్మలు వదిలేసింది. కొన్ని వారాలకు పెంచలమ్మ కోసిన చిక్కుళ్లు ఆ బస్సులోనే ఆత్మకూరు వచ్చాయి.

*

ఆ ఏడు మళ్లీ వానలు మొదలయ్యే నాటికి మల్లికార్జునం పోట్లాడడం మానేశాడు. కోటేశ్వర్ షాపుకు పోయి, వంపులో నీళ్లు రాని టైర్లలో కుంకుడు రసం తానే పోసేవాడు. చేప ఉండని, ఎవరూ తాగని నీళ్లు మాత్రమే చూసుకొని పోసేవాడు. వారానికొకసారి మళ్లీ పోసేవాడు. తాగే నీళ్ల డ్రమ్ములకు గుడ్డ కట్టమని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు. వీధిలో కొందరు కట్టారు, కొందరు కట్టలేదు. దోమలు పూర్తిగా పోలేదు. ఆ కార్తీకంలో ఊళ్లో జ్వరాలు వచ్చాయి. కానీ కోటేశ్వర్ టైర్లలో పురుగు కనబడలేదు. ఆ వీధి పిల్లలెవరూ నెల్లూరు ఆసుపత్రికి పోలేదు. అది కుంకుళ్ల వల్లేనా, డ్రమ్ముల గుడ్డల వల్లా, అదృష్టమా అని అడిగితే, "ఒక్క వీధి చూసి చెప్పకూడదు నాన్నా" అని అశ్విత అంది.

వాన తెరిపిచ్చిన ఒక రోజు ముగ్గురూ దుర్గం కొండ ఎక్కారు. అశ్విత ముందు, పెంచలమ్మ వెనక గొర్రెలతో, మల్లికార్జునం మధ్యలో. మలుపు తిరగకముందే ఒక శబ్దం వినిపించింది. దూరంగా మిల్లు ఆడుతున్నట్టు ఉంది. ఈ కొండ మీద మిల్లేమిటని ఆయన ఆగాడు.

కుంకుడు చెట్టు పూతకొచ్చింది. కాయ తప్ప పూత ఎప్పుడూ చూడని మనిషి. తెల్లటి, పొడిపొడి పూలు కొమ్మ కొమ్మనా గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. చెట్టంతా తేనెటీగలు. ఒక్క కొమ్మ కూడా నిశ్శబ్దంగా లేదు. ఆకాశమే హోరుమంటున్నట్టు ఉంది.

"వీటిని చంపదా?" అన్నాడు గొంతు తగ్గించి.

"వీటికి తేనె పెడతాది నాన్నా. ఇవి వస్తేనే కాయ అయ్యేది."

"అంటే దానికి తెలుసా, ఎవరు చుట్టమో, ఎవరు దొంగో?"

అశ్విత రాలిన పువ్వొకటి చేతిలోకి తీసుకుంది. "తెలుసు అనాలో, అనకూడదో నాకూ తెలవదు. కొన్ని మొక్కలుండాయి. పురుగు ఆకు కొరికితే ఆ ఆకు వాసన మారుతుంది. ఆ వాసన పట్టుకొని చిన్న కందిరీగలు వచ్చి ఆ పురుగును పట్టుకుంటాయి."

పెంచలమ్మ చేతికర్ర మీద గడ్డం ఆనించి వింటోంది. "చెట్టు పిలస్తాదా?"

"పిలిచినట్టే అవ్వా."

"ఇంత కాలం ఈడనే తిరగతా ఉండాను" అంది పెంచలమ్మ. "నాకు ఇనపడలా."

ముగ్గురూ చెట్టు కింద నిలబడ్డారు. పూలు రాలి తలల మీద, గొర్రెల వీపుల మీద పడ్డాయి. నురగ దోన వాన నీళ్లతో నిండి ఉంది. పాత కాయల చేదు ఎప్పుడో కొట్టుకుపోయింది కాబట్టి అందులో ఇప్పుడు పురుగు ఉంది. మల్లికార్జునం వంగి చూశాడు. ఈసారి ఆయనకు వణుకు రాలేదు. పురుగుల మధ్య ఒక తూనీగ పిల్ల పొంచి ఉంది. ఒక పురుగు దగ్గరికి రాగానే దవడ చాచి లాక్కుంది.

"పెంచలమ్మా, ఈ దోన మీది కొమ్మలు మాత్రం దులపొద్దు. దాని కాయ దానికి ఉండనీ."

"దులపం. ఎప్పుడూ దులపలా" అంది ఆమె. గొర్రెల్ని అదిలించింది. అవి పక్క దోన వైపు కదిలాయి. అశ్విత చెట్టు మొదలుకు చెవి ఆనించి నిలబడింది. ఏం వినబడుతోందని ఆయన అడగలేదు. తనూ పోయి అటుపక్క చెవి ఆనించాడు.